మోయడానికి తేలిగ్గా, గట్టిగా, గేమ్స్‌కి కూడా పనికొచ్చే ల్యాప్‌టాప్ కొనాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో కాలేజీ అడ్మిషన్లు మొదలైనప్పుడు, దసరా దీపావళి సేల్స్ వచ్చినప్పుడు అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, రోజూ బ్యాగ్‌లో మోయాలి, నాలుగేళ్ళు పాడవకుండా రావాలి, రాత్రిపూట గేమ్స్ కూడా ఆడాలి, ఏది కొనాలి అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే చదువుకోవచ్చు, మీ డౌట్ ఉన్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## ఇంకా ఏదీ డిసైడ్ అవ్వలేదు అనుకునేవాళ్ళకి

తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, గేమ్స్ బాగా ఆడాలి, మూడూ ఉన్నది అసలు దొరుకుతుందా?

దొరుకుతుంది, కాకపోతే రేటు ఎక్కువ. ఎందుకంటే గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ తాగే కరెంటంతా చివరికి వేడే అవుతుంది, ఆ వేడి బయటికి పోవాలంటే రాగి పైపులు, ఫ్యాన్లు కావాలి, వాటికి బరువు, మందం కావాలి. అదే పనిని సన్నటి బాడీలో చేయించాలంటే మంచి మెటల్, మంచి కూలింగ్ డిజైన్ పెట్టాలి, అక్కడే రేటు పెరుగుతుంది. బడ్జెట్ అంత లేదంటే మూడిట్లో ఒకటి కొంచెం తగ్గించుకోక తప్పదు. నన్నడిగితే తగ్గించుకోవాల్సింది గేమింగే. గేమ్‌లో సెట్టింగ్స్ హై నుంచి మీడియంకి ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు, కానీ కొన్న తర్వాత బరువు తగ్గదు, విరిగిన హింజ్ (స్క్రీన్‌ని బాడీకి కలిపే కీలు) దానంతటదే అతుక్కోదు. కాబట్టి ముందు గట్టిదనం, తర్వాత బరువు, ఆ తర్వాతే ఫ్రేమ్స్ (గేమ్ సెకనుకి ఎన్ని బొమ్మలు చూపిస్తుందో ఆ లెక్క, ఎక్కువుంటే ఆట స్మూత్‌గా ఉంటుంది), ఈ వరసలో చూడండి.

డెస్క్‌టాప్ ఒకటి, మామూలు ల్యాప్‌టాప్ ఒకటి కొంటే మంచిది కదా?

సొంత ఇంట్లో ఉండి, టేబుల్ పెట్టుకునే చోటుంటే అదే మంచిది, ఎక్కువ కాలం వస్తుంది, తర్వాత పార్టులు కూడా మార్చుకోవచ్చు. కానీ హాస్టల్లో నలుగురున్న రూమ్‌లో ఉంటూ పండక్కి ఊరెళ్ళేవాళ్ళకి, ప్రతి ఏడాది పీజీ మారేవాళ్ళకి డెస్క్‌టాప్ పెద్ద తలనొప్పి. అలాంటివాళ్ళకి ఒకే మెషిన్ ఉండటమే నయం.

నేను ఆడేది వాలరెంట్, జీటీఏ ఫైవ్ అంతే, గేమింగ్ ల్యాప్‌టాప్ అవసరమా?

అవసరం లేదు. రేడియాన్ 780ఎం, 890ఎం, ఇంటెల్ ఆర్క్ 140వీ లాంటి కొత్త ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌తో (అంటే ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే గ్రాఫిక్స్‌తో) ఇవి సెట్టింగ్స్ కాస్త సర్దుకుంటే హాయిగా నడుస్తాయి. పైగా అలాంటి ల్యాప్‌టాప్‌లు కిలోన్నర లోపే ఉంటాయి, చిన్న చార్జర్ చాలు, బ్యాటరీ కూడా బాగా వస్తుంది. వాలరెంట్ ఆడాలంటే మాత్రం విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు సెక్యూరిటీ ఫీచర్లు ఆన్‌లో ఉండాలి, కొత్తవాటిలో అవి ఎలాగూ ఉంటాయి. పెద్ద గేమ్స్, అంటే సైబర్‌పంక్ 2077 లాంటివి మంచి సెట్టింగ్స్‌లో ఆడాలనుంటే అప్పుడు విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నది తీస్కోండి.

మ్యాక్‌బుక్ గట్టిగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, అది తీస్కుంటే?

బాడీ, బ్యాటరీ, స్క్రీన్ వరకు దానికి వంక పెట్టేదేం లేదు. కానీ గేమ్స్ కోసం అయితే వద్దు. వాలరెంట్ మ్యాక్‌లో లేదు, జీటీఏ ఫైవ్ లేదు, మీ ఫ్రెండ్స్ ఆడే గేమ్స్‌లో చాలా వరకు ఉండవు. గేమ్స్ మీకు నిజంగా ముఖ్యం కాదనుకుంటేనే అటు వెళ్ళండి.

బీటెక్ సీఎస్ఈ ఏఐ ఎంఎల్ జాయిన్ అవుతున్నా, గ్రాఫిక్స్ కార్డ్ కావాలా?

మొదటి రెండేళ్ళు సీ, జావా, పైథాన్ నేర్చుకోవడానికి అక్కర్లేదు. మూడో ఏడాది నుంచి ప్రాజెక్టులు చేసేటప్పుడు ఎన్‌విడియా కార్డ్ ఉంటే క్యూడా (లెక్కల పనిని గ్రాఫిక్స్ కార్డ్ మీద నడిపించే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్) వాడుకోవచ్చు, చిన్న మోడల్స్ సొంత ల్యాప్‌టాప్‌లోనే ట్రైన్ చేసుకోవచ్చు. అందుకని ఈ బ్రాంచ్ వాళ్ళకి గేమింగ్ ల్యాప్‌టాప్ చదువుకి కూడా పనికొస్తుంది, ఇంట్లో ఒప్పించడానికి ఇది నిజమైన కారణమే. కాకపోతే అది లేకపోతే చదువు ఆగిపోదు, గూగుల్ కొలాబ్‌లో (బ్రౌజర్‌లోనే గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడిపే సర్వీస్) ఫ్రీగా చాలా చేయొచ్చు, అప్పు చేసి మరీ కొనొద్దు.

## స్పెక్స్ చూసేటప్పుడు వచ్చే డౌట్లు

రెండు ల్యాప్‌టాప్‌లలో కూడా ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డే ఉంది, ఒకటి ఫ్రేమ్స్ ఎక్కువిస్తుంది, ఇంకోటి తక్కువిస్తుంది, ఎందుకలా?

అందరూ మోసపోయేది ఇక్కడే, కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్తాను. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డ్‌కి పేరొక్కటే చూస్తే సరిపోదు, దానికి కంపెనీ ఎన్ని వాట్లు ఇచ్చిందో చూడాలి, దీన్నే టీజీపీ అంటారు. 4060 ల్యాప్‌టాప్ చిప్‌ని ఎన్‌విడియా 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా పెట్టుకోవచ్చని వదిలేసింది, 5060ని 45 నుంచి 100 వరకు. అంటే పేరు ఒకటే, లోపల బలం వేరు. తక్కువ వాట్లు ఇచ్చిన 4060 కంటే పూర్తి వాట్లు ఇచ్చిన 4050 కొన్ని గేమ్స్‌లో బాగా ఆడుతుంది. షాపింగ్ సైట్లలో ఈ నంబర్ చాలాసార్లు ఉండదు, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ షీట్ తెరిచి చూడాలి. ఆల్రెడీ ల్యాప్‌టాప్ చేతిలో ఉంటే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని కనిపిస్తుంది.

ఎక్కువ వాట్లు ఉంటే ఎప్పుడూ మంచిదేనా అంటే, కాదు. 80, 90 వాట్లు దాటాక ఇంకో 20 వాట్లు ఇచ్చినా పెరిగే ఫ్రేమ్స్ కొంచెమే, వేడి, ఫ్యాన్ సౌండ్ మాత్రం బాగా పెరుగుతాయి. రోజూ మోసేవాళ్ళు 14 అంగుళాల దాంట్లో 80 నుంచి 100 వాట్ల మధ్య ఉన్నది చూస్కుంటే చాలు.

వీరామ్ (గ్రాఫిక్స్ కార్డ్ సొంత మెమరీ) 6 జీబీ సరిపోతుందా, 8 ఉండాలా?

1080పీ (ఫుల్ హెచ్‌డీ) లో 6 జీబీతో ఇప్పటికి నడుస్తుంది, కొత్త గేమ్స్‌లో టెక్స్‌చర్స్ తగ్గించాల్సి వస్తుంది. నాలుగేళ్ళు వాడాలంటే 8 ఉన్నదే తీస్కోండి. 4 జీబీ ఉన్న పాత 3050 ఇంకా సేల్స్‌లో కనిపిస్తుంటుంది, రేటు తక్కువని దాని జోలికి వెళ్ళొద్దు. ఇంకో సంగతి, 4060కి, 4070కి రెండిటికీ వీరామ్ 8 జీబీయే, అందుకే ఆ రెండిటి మధ్య రేటు తేడా ఎక్కువుంటే 4060తోనే ఆగిపోండి.

ప్రాసెసర్ పేరు చివర యూ, హెచ్, హెచ్‌ఎస్, హెచ్‌ఎక్స్ అని ఉంటుంది, ఏది మంచిది?

యూ అంటే తక్కువ కరెంట్, ఎక్కువ బ్యాటరీ. హెచ్, హెచ్‌ఎస్ అంటే గేమింగ్‌కి, మామూలు పనులకి మధ్యస్థంగా ఉండేవి. హెచ్‌ఎక్స్ అంటే దాదాపు డెస్క్‌టాప్ చిప్, పవర్ ఎక్కువ, వేడి ఎక్కువ, ప్లగ్ తీస్తే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. మోసుకెళ్ళేవాళ్ళకి హెచ్ లేదా హెచ్‌ఎస్ బెటర్. గేమ్స్‌కి ఎలాగూ ప్రాసెసర్ కన్నా గ్రాఫిక్స్ కార్డే ముఖ్యం, ఐ9 ఉందని ఎక్కువ పెట్టేకన్నా ఆ డబ్బు గ్రాఫిక్స్ వైపు పెట్టండి.

ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు కదా, ఇప్పుడు 8 జీబీతో తీసుకోనా?

ముందు అది పెంచుకునే మోడలో కాదో చూడండి. సన్నటి గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి ర్యామ్ బోర్డు మీదే అతికించేస్తున్నారు, ఆసుస్ 2024 జెఫిరస్ జీ14 అలాగే ఉంది, టఫ్ ఏ14 కూడా అంతే. అలాంటివాటిలో కొన్నరోజు ఎంతుందో చివరిదాకా అంతే, కాబట్టి కనీసం 16, కుదిరితే 32 తీస్కోవాలి. రెండు స్లాట్లున్న మోడల్ అయితే 16తో మొదలుపెట్టి తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు, రెండు స్టిక్స్ ఉంటే డ్యూయల్ ఛానల్‌లో (రెండూ కలిసి ఒకేసారి) నడిచి గేమ్స్ కూడా స్మూత్‌గా ఉంటాయి. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, తర్వాత చూద్దాంలే అనుకునే ముందు విడి ర్యామ్ రేటు ఒకసారి కనుక్కోండి.

స్క్రీన్‌లో ఏం చూడాలి, 144 హెర్ట్జ్ ఉంటే చాలా?

చాలదు. తక్కువ రేటు మోడల్స్‌లో 144 హెర్ట్జ్ అని పెద్దగా రాసి, రంగులు మాత్రం 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే ఒక కొలత) ఇస్తారు, అది చూడ్డానికి వెలిసిపోయినట్టుంటుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే), 300 నిట్స్ (వెలుతురు కొలత) పైన ఉన్నది చూడండి. కాలేజీలో కిటికీ పక్కన కూర్చుని 250 నిట్స్ స్క్రీన్ చూడాలంటే కళ్ళు లాగేస్తాయి. 16:10 స్క్రీన్ అయితే కోడ్ రాసేటప్పుడు నాలుగు లైన్లు ఎక్కువ కనిపిస్తాయి, అది కూడా మంచిదే.

ఎంత బరువు వరకు పర్లేదు?

ల్యాప్‌టాప్ బరువొక్కటే చూడొద్దు, చార్జర్ కూడా కలిపి చూడండి, దాని బరువు యాడ్‌లో రాయరు. ఎల్ఓక్యూ, విక్టస్, నైట్రో వీ, టఫ్ ఏ15 లాంటి 15 అంగుళాలవి రెండు కిలోల పైనే ఉంటాయి, 2.4 దాకా ఉండేవి కూడా ఉన్నాయి, వాటి పెద్ద చార్జర్ ఇంకో అర కిలో నుంచి ముప్పావు కిలో. అంటే టిఫిన్ బాక్స్, నీళ్ళ బాటిల్, పుస్తకాలు కాకుండానే మూడు కిలోలు, దాంతో మెట్రోలో, సిటీ బస్సులో గంట నిలబడాలి. వారానికి ఒకట్రెండు సార్లు మోస్తే పర్లేదు. రోజూ అయితే 1.5 నుంచి 1.7 కిలోల మధ్య ఉండే 14 అంగుళాలవి చూడండి, జెఫిరస్ జీ14, టఫ్ ఏ14, ఓమెన్ ట్రాన్సెండ్ 14 ఈ కోవలోవే. 2020లో మొదటి జీ14 వచ్చేదాకా ఈ సైజులో సీరియస్‌గా గేమ్స్ ఆడొచ్చని ఎవరూ పెద్దగా అనుకోలేదు, ఇప్పుడు దాదాపు ప్రతి కంపెనీ దగ్గరా ఒకటుంది.

పెద్ద చార్జర్ ఇంట్లో పెట్టేసి ఫోన్ లాంటి టైప్ సీ చార్జర్‌తో మేనేజ్ చేయొచ్చా?

చాలా మోడల్స్‌లో చేయొచ్చు, కాకపోతే టైప్ సీ పోర్ట్ పవర్ డెలివరీ (పీడీ, అంటే ఆ పోర్ట్ ద్వారా చార్జింగ్) తీసుకుంటుందో లేదో స్పెక్స్‌లో చూడాలి, కొన్నిటిలో ఆ పోర్ట్ డేటాకి మాత్రమే. 65 లేదా 100 వాట్ల పీడీ చార్జర్ ఉంటే క్లాసులు, ఆఫీసు పని అంతా దాంతో అయిపోతుంది, గేమ్ మాత్రం సాయంత్రం ఇంటికొచ్చి పెద్ద చార్జర్ పెట్టి ఆడుకోవాలి. బరువు తగ్గించుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు, ఈ ఒక్క సదుపాయం కోసం వెయ్యో రెండువేలో ఎక్కువైనా పెట్టొచ్చు.

బ్యాటరీ మీద గేమ్ ఎంతసేపు ఆడొచ్చు?

లెక్క సింపుల్, 80 వాట్ అవర్ బ్యాటరీ ఉంది, గేమ్ ఆడేటప్పుడు మొత్తం 80 వాట్లు తాగుతుంది అనుకుంటే గంట. పైగా ప్లగ్ తీయగానే పవర్ తగ్గిపోయి ఫ్రేమ్స్ కూడా పడిపోతాయి. ట్రైన్‌లో విశాఖ నుంచి సికింద్రాబాద్ దాకా పెద్ద గేమ్ ఆడుకుంటూ వెళ్దాం అనుకుంటే కుదరదు, చిన్న గేమ్స్ అయితే ఫ్రేమ్స్ 40కో 60కో లాక్ చేసుకుని ఆడండి.

## గట్టిదనం గురించి

మిలిటరీ గ్రేడ్ అని రాస్తే కింద పడినా పగలదా?

పగులుతుంది. మిల్ స్టాండర్డ్ 810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ రాసిన టెస్టుల పుస్తకం, అందులో వేడి, చలి, తేమ, దుమ్ము, వణుకు, పడిపోవడం ఇలా చాలా ఉంటాయి, ఏవి చేయాలో ఎలా చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, పాసైందని సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ సంస్థేం లేదు. కాబట్టి ఆ ముద్ర ఉంటే కొంత జాగ్రత్తగా తయారుచేశారని అర్థం అంతే, కింద పడేసుకోవచ్చని కాదు. వారంటీలో కూడా పడి పగిలినవి కవర్ కావు.

మరి గట్టిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

షాపుకెళ్ళి చేత్తో పట్టుకుని చూడాల్సిందే. ఒక మూల పట్టుకుని ఎత్తండి, బాడీ వంగినట్టు అనిపించకూడదు. కీబోర్డ్ మధ్యలో నొక్కండి, బాగా లోపలికి దిగిపోకూడదు. స్క్రీన్ నెమ్మదిగా తెరిచి మూసి చూడండి, హింజ్ దగ్గర చప్పుడు రాకూడదు, బాడీ అతుకు దగ్గర గ్యాప్ తెరుచుకోకూడదు. ప్లాస్టిక్ బాడీల్లో ఎక్కువగా పోయేది హింజే, లోపల స్క్రూలు పట్టుకున్న ప్లాస్టిక్ దిమ్మలు విరిగిపోతాయి, అది బాగు చేయించాలంటే పైన మొత్తం ప్యానెల్ మార్చాలంటారు. మీకు నచ్చిన మోడల్ పేరుతో పాటు హింజ్ ప్రాబ్లం అని వెతికి, ఏడాది రెండేళ్ళు వాడినవాళ్ళు ఏమంటున్నారో చదవండి, కొత్తగా కొన్న వారంలో రాసిన రివ్యూలతో దీని సంగతి తేలదు.

యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ తీసుకోవాలా?

రోజూ మోసేవాళ్ళైతే తీస్కోండి, గేమింగ్ ల్యాప్‌టాప్ స్క్రీన్, మదర్‌బోర్డ్ మార్చాలంటే ఖర్చు చాలా ఎక్కువ. కంపెనీ నుంచే నేరుగా తీస్కోండి, షాపువాళ్ళు అమ్మే వేరే ప్లాన్లలో షరతులు ఎక్కువుంటాయి. ఆన్‌సైట్ వారంటీ ఉందా, మీ ఊరికి టెక్నీషియన్ వస్తాడా అన్నది కూడా ముందే కనుక్కోవాలి, చిన్న టౌన్లలో ఉండేవాళ్ళకి ఇది బ్రాండ్ కన్నా ముఖ్యం.

## కొనేటప్పుడు

ఆన్‌లైన్‌లో కొనాలా, సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో) కొనాలా?

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీకి వెళ్తే ఒకే బిల్డింగ్‌లో పది షాపుల్లో రేటు అడగొచ్చు, చేత్తో పట్టుకుని చూడొచ్చు, ర్యామ్ అక్కడే వేయించుకోవచ్చు. జీఎస్‌టీ బిల్లు మాత్రం తప్పకుండా అడగండి, బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి, అది లేకుండా రేటు తగ్గిస్తానంటే వద్దనండి. ఆన్‌లైన్‌లో సేల్స్ టైంలో కార్డ్ ఆఫర్లతో రేటు బాగా దిగుతుంది. ఆన్‌లైన్‌లో తీసుకుంటే డబ్బా సీల్ విప్పడం మొదలు స్క్రీన్ ఆన్ అయ్యేదాకా కట్ లేకుండా వీడియో తీసిపెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ గేమింగ్ ల్యాప్‌టాప్ కొనొచ్చా?

జాగ్రత్తగా అయితే కొనొచ్చు. ఇంకా వారంటీ మిగిలి ఉన్నదే చూడండి. అక్కడే అరగంట గేమ్ ఆడి చూడండి, ఫ్రేమ్స్ మొదట్లో బాగుండి పది నిమిషాలకి పడిపోతుంటే లోపల దుమ్మో, ఎండిపోయిన థర్మల్ పేస్టో (చిప్ వేడిని కూలింగ్‌కి అందించే పూత) ఉన్నట్టు. బ్యాటరీ రిపోర్ట్ తీసి డిజైన్ కెపాసిటీకి ఇప్పటి ఫుల్ చార్జ్ కెపాసిటీకి తేడా చూడండి. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టుంటే బ్యాటరీ వాచిందని అర్థం, ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి.

## కొన్నాక

గేమ్ ఆడేటప్పుడు 90 డిగ్రీలు చూపిస్తుంది, పాడైపోతుందా?

గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ 85 నుంచి 95 మధ్య వెళ్ళడం మామూలే, మరీ ఎక్కువైతే అదే స్పీడ్ తగ్గించుకుంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో రూమ్‌లోనే 38 డిగ్రీలుంటే లోపల కూడా ఆ మేరకు పెరుగుతుంది. వెనకవైపు కాస్త ఎత్తు పెట్టండి, ఫ్రేమ్స్ 60కో 90కో లాక్ చేయండి, టర్బో మోడ్ కాకుండా బ్యాలెన్స్‌డ్‌లో ఆడి చూడండి, ఫ్రేమ్స్ కొంచెమే తగ్గి వేడి బాగా తగ్గుతుంది. పరుపు మీద, దిండు మీద పెట్టి మాత్రం ఆడొద్దు, గాలి లాగే రంధ్రాలు కిందే ఉంటాయి.

మెటల్ బాడీ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది, షాకా?

చార్జింగ్ పెట్టినప్పుడే అలా అనిపిస్తే దాదాపుగా ఎర్తింగ్ సమస్యే. చార్జర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా చాలా చిన్న కరెంట్ లీకవుతుంది, మూడో పిన్ ఎర్త్‌కి కనెక్ట్ అయితే అది అటు పోతుంది, లేకపోతే బాడీ మీదే ఉండిపోయి మన చేతికి తగులుతుంది. పాత ఇళ్ళలో, హాస్టళ్ళలో సాకెట్‌కి ఎర్త్ వైర్ లేకపోవడం మామూలే. త్రీ పిన్‌ని టూ పిన్ కన్వర్టర్‌లో పెట్టి వాడొద్దు, వార్డెన్‌కో ఓనర్‌కో చెప్పి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. గట్టిగా షాక్ కొడితే మాత్రం వెంటనే ప్లగ్ తీసేసి చార్జర్ చెక్ చేయించాలి.

బ్యాగ్‌లోంచి తీస్తే కాలిపోతూ ఉంటుంది, మూత వేసే పెట్టాను కదా?

మూత వేస్తే అది పూర్తిగా నిద్రపోదు, కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లో కూడా అప్‌డేట్ల కోసం మధ్యలో లేస్తుంటాయి, మూసిన బ్యాగ్‌లో ఆ వేడి బయటికి పోదు. బ్యాగ్‌లో పెట్టే ముందు షట్ డౌన్ గానీ హైబర్నేట్ (తెరిచినవన్నీ సేవ్ చేసి పూర్తిగా ఆగిపోవడం) గానీ చేయండి. మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా పవర్ సెట్టింగ్స్‌లో పెట్టేసుకుంటే రోజూ గుర్తుపెట్టుకునే పనుండదు.

ఎప్పుడూ చార్జింగ్‌లోనే పెట్టి ఆడితే బ్యాటరీ పోతుందా?

వంద శాతం మీద వేడిగా ఉంచితే త్వరగా అరుగుతుంది. అందుకే మైఆసుస్, లెనోవో వాంటేజ్ లాంటి కంపెనీ యాప్స్‌లో 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేసి ప్లగ్ పెట్టే ఆడండి. ప్రయాణం ఉన్న ముందురోజు రాత్రి వందకి పెట్టుకుంటే చాలు.

## ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళకి

అమెరికా వెళ్తున్నా, ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా?

ఇక్కడి రేటులో 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంటుంది, అక్కడ రాష్ట్రాన్ని బట్టి సేల్స్ ట్యాక్స్ పడుతుంది, సేల్స్‌లో చాలాసార్లు అక్కడే చవక. పైగా ఇక్కడ కొన్నదాని వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో బ్రాండ్‌ని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది, రాతపూర్వకంగా కనుక్కోకుండా నమ్మొద్దు. ఇప్పుడు చేతిలో నడిచే ల్యాప్‌టాప్ ఉంటే దాంతోనే వెళ్ళి, మొదటి సెమిస్టర్‌లో కుదురుకున్నాక నవంబర్ చివర్లో బ్లాక్ ఫ్రైడేకి కొనుక్కోండి.

ఫ్లైట్‌లో గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకెళ్ళనిస్తారా?

తీసుకెళ్ళనిస్తారు. పర్మిషన్ అడగకుండా తీసుకెళ్ళే బ్యాటరీ 100 వాట్ అవర్ దాటకూడదు, అందుకే పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కూడా 99 దగ్గరే ఆపేస్తారు. చెకిన్ లగేజీలో వేయకుండా క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టుకోండి, పవర్ బ్యాంక్ అయితే క్యాబిన్‌లో తప్ప అసలు పెట్టకూడదు. చార్జర్ మీద 100-240 వోల్ట్స్ అని ఉంటే అక్కడి 120 వోల్టులకీ పనిచేస్తుంది, కన్వర్టర్ కొనక్కర్లేదు, చార్జర్‌కి గోడ వైపు తగిలించే కేబుల్ ఒక్కటి అక్కడి పిన్ ఉన్నది మార్చుకుంటే సరిపోతుంది.